మెలితిప్పుట యొక్కటియేనా? – 'ట్విస్ట్' అను ఆంగ్లక్రియను గూర్చి ఒక ఆలోచన

అనువాద పత్రములను దిద్దు అధ్యాపకులందరకును అనుభవములోనిదే యైన యొక విషయముతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను. ఆంగ్లమునుండి తెలుగునకు అనువదింప నిచ్చిన యొక గద్యభాగమున, మెట్లు దిగుచున్న యొకని కాలు బెణికిన సన్నివేశము కలదు. ఆంగ్లరచయిత అచట వాడిన క్రియ 'ట్విస్ట్'. నా యెదుట నున్న సమాధాన పత్రములలో పెక్కింటియందు "అతడు తన చీలమండను మెలితిప్పెను" అని యుండెను. వాక్యమున వ్యాకరణదోషము లేదు. కర్త కలడు, కర్మ కలదు, క్రియ సకర్మకమే. కాని ఆ వాక్యమును చదివిన తెలుగువానికి కలుగు బోధ యేమి? ఎవడో తన కాలిని తానే పట్టుకొని బుద్ధిపూర్వకముగా మెలిపెట్టుకొనెనని. అక్షరజ్ఞానము లేని మన పల్లెటూరి ముసలమ్మ యైనను "కాలు బెణికింది" అనునే గాని, అట్లు పలుకదు.

ఆ వాక్యమునకు మార్కులు తగ్గింపవలెనా వలదా యని నేను కొంత తడబడితిని. తగ్గించినచో విద్యార్థి నిఘంటువును చూపును. అందు 'ట్విస్ట్' ఎదుట 'మెలితిప్పు' అనియే యుండును. నిఘంటువును నమ్మిన విద్యార్థిని దండించుట న్యాయమా? దండింపకున్నచో తెలుగునకు అన్యాయము కాదా? ఈ సంకటము ఒక్క మాటకు సంబంధించినది కాదు. ఒక భాషలోని క్రియకు మరియొక భాషలో ఒక్క క్రియ సమానమగునను నమ్మకమే దీనికి మూలము. నిత్యవ్యవహారములోనిదైన ఈ చిన్న క్రియను పట్టుకొని ఆ నమ్మకమును పరీక్షింపవలెనని నా ప్రయత్నము.

శబ్దమూలమున 'రెండు'

మొదట ఆ శబ్దముయొక్క పుట్టుకను పరికింతము. 'ట్విస్ట్' అను మాటకు మూలము 'రెండు' అను సంఖ్య. ఆంగ్లములో 'టూ' (రెండు), 'ట్విన్' (కవల), 'ట్వైన్' (పురికొస), 'ట్విగ్' (చీలిన రెమ్మ) అనునవి ఏ కుటుంబములోనివో 'ట్విస్ట్' కూడ ఆ కుటుంబములోనిదే. మన 'ద్వి' శబ్దము వీనికి దూరపు జ్ఞాతి. ప్రాచీనాంగ్లమున ఇది క్రియగా గాక, సమాసములందు ఉత్తరపదముగా కనబడును. ఓడ స్తంభమును నిలబెట్టు త్రాటికి అట్టి పేరు కలదు. క్రియగా దీని వ్యాప్తి మధ్యయుగపు ఆంగ్లమునాటిది.

ఇచట నొక విచిత్రము గమనింపదగినది. సోదరభాషలైన జర్మనులో 'త్స్విస్ట్' అనినను, డచ్చిలో 'ట్విస్ట్' అనినను కలహము, విభేదము అని యర్థము. అనగా ఒకటి రెండుగా చీలుట. ఆంగ్లమున స్థిరపడిన యర్థమో, రెండు పేటలను కలిపి ఒక్కటి చేయుట. ఒకే మూలమునుండి విడదీయుటయు, కూర్చుటయు రెండును పుట్టినవి. 'రెండు' అను భావములోనే ఈ ద్వైవిధ్యము ఉన్నదని చెప్పవలెను. రెండు కలియవచ్చును; రెండు తలపడవచ్చును.

సంస్కృతపండితులకు ఇది క్రొత్తగా తోచదు. 'ద్వంద్వ' శబ్దమే ఇందులకు సాక్ష్యము. ద్వంద్వసమాసమున రెండు పదములు కలిసి యొక్కటిగా నిలుచును. ద్వంద్వయుద్ధమున ఇరువురు ఎదురెదురుగా నిలుతురు. మన తెలుగునకు వచ్చినచో ఉదాహరణము ఇంకను దగ్గరది. పెనచు, పెనవేయు అనినచో కలిపి అల్లుట. పెనగు, పెనుగులాట అనినచో పోరాటము. ఇవి ఒక్క కుదురునుండి మొలచిన మాటలే. త్రాడు 'పేను' అనునదియు వీని బంధువుగనే కనబడుచున్నది. లతలు పెనవేసికొనును, మల్లులు పెనగుదురు. చేయు పని యొక్కటే. ఒకచోట అది కూర్పు, మరియొకచోట అది పోరు.

కనుక 'ట్విస్ట్' అనుదానిని బోధించునపుడు 'మెలితిప్పు' అను ఒక్క యర్థమును గాక, ఈ రెండు శాఖలను చూపవలెనని నా యభిప్రాయము. ఒకటి కూర్చు మెలి, రెండవది చెఱచు మెలి. ఆంగ్లము ఈ రెండింటికిని ఒకే క్రియను వాడి, భేదమును సందర్భమునకు విడిచిపెట్టును. తెలుగు ఆ భేదమును క్రియలోనే చెప్పును. అన్నింటికిని 'మెలితిప్పు' అని వ్రాసినప్పుడు మనము కోల్పోవునది ఈ వివేకమునే.

కూర్చు మెలి

కూర్చు మెలికి పుట్టినిల్లు నూలు, త్రాడు. పత్తిని ఏకులుగా చేసి రాట్నముమీద వడకునప్పుడు కదురు తిరిగిన కొలదియు పోగునకు పురి యెక్కును. పురి లేనిచో అది దూదియే గాని దారము కాదు. ఇట్టి పోగులను రెండింటినో మూడింటినో కలిపి మరల పురిపెట్టునప్పుడు, మొదట పెట్టిన పురికి ఎదురుదిక్కున పెట్టుట సామాన్యపద్ధతి. అప్పుడు ఒక పురి విడిపోవుటకు యత్నించిన కొలదియు రెండవది బిగియును. రెండు వ్యతిరేకబలములు ఒకదానినొకటి పట్టి నిలుపుటయే త్రాటియొక్క గట్టితనమునకు కారణము. వస్త్రశాస్త్రజ్ఞులు ఈ దిక్కులను ఆంగ్లాక్షరములైన 'ఎస్', 'జెడ్' అను వాని నడిమి గీత వాలును బట్టి గుర్తింతురు. మన నేతగాండ్రును, త్రాళ్ళు పేనువారును ఆ యక్షరములను నేర్వకయే ఈ పనిని చేసిరి.

ఈ పని చుట్టును తెలుగులో అల్లుకొన్న పదములను చూడుడు. పోగునకు పురి లేక వడి. పేటలను కలుపుట పేనుట. రెండు పేటలు కలిసినచో రెండుపేటల త్రాడు; మూడు కలిసినచో ముప్పేట. మూడు పురులు ఏకమగుట ముప్పిరి. ఆ పనినుండియే 'ముప్పిరిగొను' అను మాట కావ్యభాషలోనికి వచ్చి, హృదయమున అనేక భావములు పెనగొనుటను తెలుపు చక్కని ప్రయోగమైనది. గోగునారతోనో జనుముతోనో పేనిన సన్నని త్రాడు నులక; దానితో అల్లినది నులకమంచము. బావికి చేంతాడు, ఎద్దునకు పగ్గము, దూడకు పలుపు, బరువునకు మోకు. పాయలు తీసి జడను అల్లుదురు గాని పేనరు. త్రాటిని పేనుదురు గాని పిండరు. వస్తువు మారినచో క్రియ మారవలసినదే.

'ట్విస్ట్' అను మాట మన దేశపు వ్యవహారములోనికి వచ్చినదియు నూలు మార్గముననే యని గుర్తుంచుకొనవలెను. బ్రిటిషు పాలనాకాలపు వాణిజ్యలెక్కలలో దిగుమతి యగు నూలు పద్దునకు 'కాటన్ ట్విస్ట్ అండ్ యార్న్' అని శీర్షిక. ఆంగ్లదేశపు మిల్లుల పరిభాషలో 'ట్విస్ట్' అనగా ఎక్కువ పురి గల నూలు, విశేషించి పడుగునకు ఉపయోగించునది. యంత్రముపై పురియెక్కిన ఆ నూలు ఓడలమీద వచ్చి, మన యిండ్లలోని కదుళ్ళను పెక్కుచోట్ల మూలకు చేర్చినది. కదురు మూలపడినపుడు దానితోపాటు మూలపడినవి కొన్ని మాటలు. ఈనాడు మన విద్యార్థికి 'పేను' అనినచో తలలోని పేను మాత్రమే తోచుటకు వాని యజ్ఞానము కారణము కాదు; వాని కంటియెదుట త్రాడు పేనువాడు లేకపోవుటయే కారణము.

ఈ సందర్భమున ధర్మశాస్త్రమునుండి యొక ఉదాహరణము నీయవలసియున్నది. మనుస్మృతి రెండవ యధ్యాయమున యజ్ఞోపవీతమును గూర్చి చెప్పుచు బ్రాహ్మణునకు కార్పాసమును, క్షత్రియునకు జనుమును, వైశ్యునకు ఊర్ణమును విధించి, దానికి 'ఊర్ధ్వవృతము', 'త్రివృత్తు' అను విశేషణములను స్మృతికారుడు వాడెను. అందలి 'ఊర్ధ్వవృతము'ను దక్షిణావర్తముగా పురిపెట్టిన దానినిగా వ్యాఖ్యాతలు గ్రహించిరి. 1886లో వెలువడిన తన ఆంగ్లానువాదమున జార్జి బ్యూలర్ ఇచట వాడినది 'ట్విస్ట్' క్రియయే. అది ఆంగ్లమున సర్వథా యుచితము. నూలు పని ఆ క్రియకు జన్మస్థానము గదా. కాని మూలమును విడిచి ఆ యనువాదమును మాత్రము చేతబట్టిన నేటి తెలుగు విద్యార్థి దానిని "కుడివైపునకు మెలితిప్పబడిన దారము" అని వ్రాయును. జంధ్యములు వడకి యెరిగిన యింటివాడు "కుడి పురి" అను రెండు మాటలలో చెప్పు విషయము, సంస్కృతమునుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుగునకు ప్రయాణము చేసి, తన యింటికి తాను పరాయిదై వచ్చినది. ప్రాచ్యకళాశాలలలో పనిచేయు మనకు ఇంతకంటె బాధాకరమైన విషయము మరియొకటి లేదు. మన గ్రంథములనే మనము పరభాషాద్వారమున చదువుకొని, ఆ భాషయొక్క క్రియలను మన నోట పెట్టుకొనుచున్నాము.

కర్త ఎవరు?

ఇక బెణికిన కాలి విషయమునకు తిరిగి వత్తము. ఆంగ్లమున ఒకే 'ట్విస్ట్' సకర్మకముగను, అకర్మకముగను ప్రవర్తించును. ఒకడు తీగను 'ట్విస్ట్' చేయును. బాట తానే 'ట్విస్ట్' అగును. రూపమున భేదము లేదు. తెలుగున అట్లు కాదు. తిరుగు – త్రిప్పు, వంగు – వంచు, పెనగు – పెనచు అని మనకు జంటలు కలవు. కొండదారి మెలికలు తిరుగును. కమ్మరి కడ్డీని మెలిత్రిప్పును. కనుక అనువాదకుడు క్రియను ఎంచుటకు ముందే కర్త యెవరను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను.

కాలి వాక్యమున ఆంగ్లవ్యాకరణము ఆ మనుష్యుని కర్తస్థానమున కూర్చుండబెట్టినది. కాని అతడు చేసిన పని యేదియు లేదు. అతనికి జరిగినది మాత్రమే కలదు. స్వతంత్రుడైనవాడే కర్త యని పాణిని నిర్ణయించినాడు. ఇక్కడ ఆ స్వాతంత్ర్యము ఎచట? తెలుగు ఈ విషయమున మిక్కిలి జాగరూకతను చూపినది. 'బెణుకు' అను అకర్మకక్రియను ఏర్పరచి, కాలిని కర్తగా నిలిపి, బాధపడినవానిని షష్ఠిలో "అతని కాలు" అని పెట్టినది. "కాలు మడతపడింది" అనినను ఇదియే మార్గము. పని తనంత తాను జరిగినట్లు చెప్పు ఈ పద్ధతిని సంస్కృతవ్యాకరణమునందలి కర్మకర్తృప్రక్రియతో పోల్చి బోధించినచో విద్యార్థికి విషయము సులభముగా పట్టువడును. ఇట్టి పోలికలు చూపు సౌలభ్యము సాధారణకళాశాలలకంటె మనకే యెక్కువగా కలదు.

శరీరమునకు సంబంధించిన తక్కిన ప్రయోగములును ఇట్లే. కడుపులో 'ట్విస్ట్' అయినట్లున్నదని ఆంగ్లేయుడనును. మనకు కడుపులో నులిపెట్టును. బాధచే ముఖము 'ట్విస్ట్' అగును. మనకు ముఖము ముడుచుకొనును, వికృతమగును. ఏవగింపుతో మూతి మూడు వంకరలు త్రిప్పువారు వేరు, వ్యాధిచే మూతి వంకరపోయినవారు వేరు. మొదటిదానిలో ఇచ్ఛ కలదు, రెండవదానిలో లేదు. క్రియలును అట్లే వేరైనవి. నిద్రరాక పక్కమీద 'ట్విస్ట్' అగువాడు మనకు అటునిటు దొర్లును. సిగ్గుపడువాడు మెలికలు తిరుగును. సీసామూతను త్రిప్పుదుము, తడిగుడ్డను పిండుదుము, మీసమును మెలివేయుదుము, అల్లరి పిల్లవాని చెవిని మెలిపెట్టుదుము. వీనిలో ఏ రెండింటి క్రియలను తారుమారు చేసినను వినువారికి నవ్వు వచ్చును. ఆ నవ్వే భాషయొక్క శాసనము.

చెఱచు మెలి

రెండవ శాఖ నైతికమైనది. సరళమైన దానిని మంచికిని, వంకరయైన దానిని చెడ్డకును గుర్తుగా గ్రహించుట అనేక భాషలలో కనబడు భావన. ఆంగ్లములో తప్పును తెలుపు 'రాంగ్' శబ్దమునకు మూలార్థము వంకర యనియే. మన మరమ్మతు దుకాణములలో వినబడు 'రెంచి' సైతము మెలిత్రిప్పుటను తెలుపు ధాతువునుండి వచ్చినదే. లాటినులో మెలిపెట్టుటకు 'తోర్క్వేరే' అను క్రియ. దానినుండి చిత్రహింసకు 'టార్చర్', వికృతపరచుటకు 'డిస్టార్ట్', బలవంతముగా గుంజుటకు 'ఎక్స్‌టార్ట్', న్యాయశాస్త్రమున అపకృత్యమునకు 'టార్ట్' అను మాటలు ఆంగ్లములోనికి వచ్చినవి. కదురును తెలుపు మన 'తర్కు' శబ్దము ఈ లాటిను క్రియకు జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక యింట అది దారమును వడకినది. మరియొక యింట అది దేహమును హింసించినది. కూర్చు మెలి, చెఱచు మెలి అని పైన చెప్పిన విభాగమునకు ఇది మరియొక నిదర్శనము.

మన అమరకోశమున 'వృజిన' శబ్దము రెండు చోట్ల కనబడును. కుటిలము, జిహ్మము, భుగ్నము మున్నగు వంకర పర్యాయములలో ఒకమారు, పాపపర్యాయములలో మరియొకమారు. వంకరయే పాపమైన చరిత్ర ఆ ఒక్క శబ్దమున నిక్షిప్తమై యున్నది. తెలుగులో వంకరబుద్ధి యను వాడుకయు అట్టిదే. ఒప్పందమున కపటముగా చేర్చిన నిబంధనను "అందులో ఒక మెలిక ఉంది" అందుము. ఇచట ఆంగ్లపు నామరూపమైన 'ట్విస్ట్'నకు 'మెలిక' అచ్చముగా సరిపోవుచున్నది.

ఇక ఇతరుల మాటలను 'ట్విస్ట్' చేయుట. పత్రికాభాషలో దీనికి 'వక్రీకరించు' అను మాట స్థిరపడినది. అది మంచి మాటయే. కాని దానికంటె ముందే మనకు "పెడర్థము తీయు" అను చక్కని తెలుగు కలదు. శాస్త్రగ్రంథములకు సంబంధించినచో "వక్రభాష్యము చెప్పు" అనునది కలదు. ఈ మూడింటికిని భేదము కలదు. వార్తను వక్రీకరింతురు, సంభాషణలో పెడర్థము తీయుదురు, ప్రమాణవాక్యమునకు వక్రభాష్యము చెప్పుదురు. పరీక్షాపత్రమున "నా మాటలను మెలితిప్పకుము" అని వ్రాసిన విద్యార్థికి ఈ మూడును తెలియవని కాదు. ఆంగ్లవాక్యము ఎదుట నున్నంతసేపు తాను తెలుగువాడనను సంగతి వానికి జ్ఞప్తికి రాదు.

ఇక్కడనే అలంకారశాస్త్రము మనకొక వివేకమును నేర్పుచున్నది. ఎదుటివాని మాటను అతడు ఉద్దేశింపని యర్థమున గ్రహించి బదులుచెప్పుటను రుద్రటుడు వక్రోక్తి యను శబ్దాలంకారముగా లక్షించి, దానిని శ్లేషచేతను, కాకువుచేతను రెండు విధములుగా విభజించెను. మమ్మటుడును ఆ మార్గమునే అనుసరించెను. ఆంగ్లము నిందించు పనియు, మన ఆలంకారికులు మెచ్చిన పనియు పైకి ఒక్కటే. మాటయొక్క యర్థమును ప్రక్కకు త్రిప్పుట. అయినను ఒకటి దోషము, రెండవది భూషణము. కారణమేమి? వక్రోక్తిలో త్రిప్పుట బహిరంగము. చెప్పినవాడు, విన్నవాడు, చదువరి ముగ్గురును రెండర్థములను ఎరుగుదురు. రెండును ప్రక్కప్రక్కన నిలిచి యుండుటయే చమత్కారము. పెడర్థమున రెండవ యర్థము మొదటిదానిని దాచి దాని స్థానమున కూర్చుండును. రెండు పేటలును నిలిచినచో త్రాడు. ఒకటి మరియొకదానిని కోసినచో తెంపు. ఈ భేదమును తెలుపగల శాస్త్రము మన చేతిలో నుండగా, 'ట్విస్ట్' కు ఒక్క పర్యాయముతో తృప్తిపడుట లోపము కాదా?

కథలోని మలుపు

ఈనాడు అధికముగా వినబడు ప్రయోగము కథలోని 'ట్విస్టు'. చలనచిత్రములను గూర్చి మాటలాడు ప్రతివారి నోటను ఇది కలదు. దీనికి 'మలుపు' అను మాట వ్యాప్తిలోనికి వచ్చినది. అది బాటనుండి తెచ్చుకొన్న ఉపమానము, సహజముగ నున్నది. అయినను సాహిత్యవిమర్శ వ్రాయు మన పరిశోధకులు ఈ భావమే ఆంగ్లమునుండి వచ్చినదన్నట్లు వ్రాయుట ఆశ్చర్యము కలిగించును. కుంతకుడు వక్రోక్తిజీవితమున వక్రతను వర్ణవిన్యాసము మొదలుకొని ప్రబంధము వరకు ఆరు విధములుగా విభజించెను. అందు ప్రకరణవక్రతకు ఆయన చూపిన ఉదాహరణములలో శాకుంతలమునందలి దుర్వాసశాపమొకటి. మహాభారతకథలో లేని ఆ శాపమును కాళిదాసు కల్పించుటచే కథ అంతయు మరియొక దిక్కునకు తిరిగి, రాజు మరపునకు కారణము లభించి, నాయకుని శీలము నిలిచినది. ఇది పాఠకుని ఉలికిపాటు కొరకు మాత్రము పెట్టిన మలుపు కాదు. రసమునకు అనుకూలముగా కథను కూర్చిన పురి. నేటి కథలలోని 'ట్విస్టు' ఏది యగునో, ఏది కాదో నిర్ణయించుటకు ఇది మంచి గీటురాయి. మలుపు కథను గట్టిపరచినదా, లేక విరిచినదా యని అడిగినచో చాలును.

పలుకుబడుల సంగతి

ఆంగ్లములో ఈ క్రియ చేరిన పలుకుబడులు కొన్ని కలవు. వానిని మాటకు మాటగా తెచ్చుట తగదు. ఒకనిచే బలవంతముగా పని చేయించుటను ఆంగ్లేయుడు చేతిని 'ట్విస్ట్' చేయుట యనును. మనము మెడలు వంచి చేయింతుము. ఒకని తన చిటికెనవ్రేలికి చుట్టుకొనుట ఆంగ్లపు తీరు. మనవారు కొంగున ముడివేసికొందురు. గ్రుచ్చిన కత్తిని త్రిప్పుట ఆంగ్లపు క్రౌర్యము. పుండుమీద కారము చల్లుట మనది. శరీరములోని ఏ భాగము, ఇంటిలోని ఏ వస్తువు ఏ భావమునకు గుర్తగునో ప్రతి జాతియు తన జీవితమునుండి నిర్ణయించుకొన్నది. దానిని నిఘంటువు మార్చజాలదు.

రెండు ఆక్షేపణలు

నా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: 'ట్విస్టు' అను మాటనే తెలుగు చేసికొన్న నేమి? అన్యదేశ్యములను గ్రహించుటచే తెలుగు ఎన్నడును చెడలేదు గదా. నిజమే. 1960 ప్రాంతమున చబ్బీ చెకర్ అను గాయకుని పాటతో అమెరికాలో వెల్లువెత్తిన 'ట్విస్ట్' నృత్యమునకు తెలుగుపేరు వెదకుట వృథా. డికెన్సు నవలలోని ఆలివర్ ట్విస్టును అనువదింపబూనుట హాస్యాస్పదము. వస్తువు క్రొత్తదైనచో మాట వచ్చుట సహజము. కాని త్రాడు మనది, కాలు మనది, కడుపునొప్పి మనది. వీనికి మాటలు లేక తెచ్చుకొనుట యప్పు కాదు, ఉన్నవానిని మరచుట నష్టము.

రెండవది: విద్యార్థికి ఇన్ని క్రియలను నేర్పుట భారము కాదా? నా యనుభవమున ఇవి నేర్పవలసినవి కావు, గుర్తుచేయవలసినవి. పైన చెప్పిన పరీక్షాపత్రములు దిద్దిన పిమ్మట తరగతిలో ఆంగ్లవాక్యమును మూసి, "మీ తమ్ముడు మెట్లమీద జారి, కాలు వాచినది. అమ్మకు ఏమని చెప్పుదురు?" అని అడిగితిని. తరగతి యంతయు ఒక్క గొంతుకతో "బెణికింది" అనినది. మాట వారి దగ్గరనే కలదు. దానికిని వారి కలమునకును నడుమ ఆంగ్లపు క్రియ యడ్డుగా నిలిచి యుండెను, అంతే.

చేయవలసినది

కావున మూడు సూచనలను విజ్ఞుల యెదుట నుంచుచున్నాను. మొదటిది, అనువాద పాఠమున క్రియను వెదకుటకు ముందు మూడు ప్రశ్నలను అడుగుట విద్యార్థికి అలవాటు చేయవలెను: మెలిపడినది ఏ వస్తువు? మెలిపెట్టినవాడు కలడా, లేక తనంత తాను జరిగినదా? ఫలితము కూర్పా, చెఱుపా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో తెలుగు క్రియ తనంత తానే నోటికి వచ్చును.

రెండవది, ద్విభాషానిఘంటువులలో క్రియారోపములను పర్యాయముల వరుసగా గాక, కర్మనుబట్టియు, కర్తనుబట్టియు విభజించి ఈయవలెను. 'ట్విస్ట్' ఎదుట పది మాటలను గుప్పించుట కంటె, నూలు – పురిపెట్టు, త్రాడు – పేను, గుడ్డ – పిండు, చెవి – మెలిపెట్టు, కాలు – బెణుకు, మూత – త్రిప్పు, మాట – పెడర్థము తీయు అని జంటలుగా చూపినచో పాఠకుడు తప్పుత్రోవ పట్టడు.

మూడవది, వృత్తిపదములను వెలికి తీసికొని రావలెను. 1852లో వెలువడిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున బ్రౌను కావ్యభాషతోపాటు జనుల వాడుకకును చోటిచ్చెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశములు వ్యవసాయమునకు 1962లోను, చేనేతకు 1971లోను వెలువడినవి. నేతగాండ్ర నోటిలోని పదములను వారి యూళ్ళకు పోయి సేకరించి చేసిన ఆ కృషి, మన గ్రంథాలయములలో పరిశోధకులు మాత్రము తెరచు గ్రంథముగా నిలిచిపోరాదు. అందలి పదములు అనువాదకుని బల్లమీదికి రావలెను. మన విద్యార్థులలో నేతగాండ్ర యిండ్లనుండియు, రైతుల యిండ్లనుండియు వచ్చువారు ఎందరో కలరు. సెలవులలో ఇంటికి పోయి తాతలను, అవ్వలను అడిగి మెలి, పురి, నులి, పేట మున్నగు మాటలకు వారి యూరి ప్రయోగములను వ్రాసి తెమ్మని చెప్పినచో, అది చిన్నదైనను నిజమైన పరిశోధనయే యగును.

ఆ సమాధాన పత్రములకు నేను చివరకు అరమార్కు మాత్రము తగ్గించితిని. పూర్తిగా తగ్గించుటకు మనసొప్పలేదు. ఆ తప్పులో సగము మనది. నిఘంటువులను కూర్చువారు, వానిని నమ్మి బోధించువారు, మూలమును విడిచి అనువాదమునుండి అనువదింప నిచ్చువారు, అందరమును ఆ సగములో భాగస్వాములము. వృద్ధులైన పేనువారును, వడకువారును ఇంకను అక్కడక్కడ మిగిలి యుండగనే వారి మాటలను మన పుస్తకములలోనికి ఎక్కించుకొనుట మన బాధ్యత. విద్వాంసులు ఈ విషయమును పరిశీలించి, తమ తమ ప్రాంతములలోని ప్రయోగములను ఈ పత్రికాముఖమున తెలియజేయుదురు గాక యని ప్రార్థించుచున్నాను.